తోడు నుంచి పొడి దాకా

విజయవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం, జగ్‌దల్‌పూర్‌ల వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద, ఖమ్మం జిల్లా సరిహద్దుకు చేరువలో ఉన్న తిరువూరు 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో భాగం. ఆ నెల 4వ తేదీ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్‌కు కేంద్రం. జిల్లా పేరు మారినా ఈ పట్టణమూ, చుట్టూ ఉన్న గంపలగూడెం, ఎ.కొండూరు, విస్సన్నపేట మండలాలూ కృష్ణా డెల్టాకు కాక, దానికి ఎగువన ఉన్న మెట్టకు చెందినవే. మామిడి తోటలు, పత్తి, మిరప, అపరాలు ఇక్కడి సేద్యానికి గుర్తింపు తెచ్చాయి. వేసవిలో పగటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటడం ఇక్కడ వింత కాదు. అంతటి ఎండ కాసే చోట మిరపకాయనూ మామిడి ముక్కనూ ఆరబెట్టి ఏడాది పొడవునా వాడుకోవడం ఎంత తేలికో, పాలను పెరుగుగా మార్చే సూక్ష్మజీవిని చావనీయకుండా నిలవ చేయడం అంత కష్టం.

ఈ కష్టం ఇప్పుడు ఇంటి వంటగదిని దాటి మందుల దుకాణానికీ, రొయ్యల చెరువుకూ, విత్తనశుద్ధి చేసే రైతు వాకిటికీ చేరింది. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార, ఆరోగ్య సంస్థలు రెండూ కలిసి నియమించిన నిపుణుల బృందం 2001లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే, బతికున్న సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లు. ఈ నిర్వచనంలో బరువంతా 'బతికున్న' అన్న మాట మీదే ఉంది. ఎందుకంటే వాటిని అమ్మాలంటే పొడిగా మార్చాలి, పొడిగా మార్చాలంటే ఏ ప్రాణికైనా ఆధారమైన నీటిని తీసేయాలి. ఆ ప్రాణిని నీళ్లు లేకుండా నెలల తరబడి ఎలా నిలపాలన్న ప్రశ్నకు తెలుగునాట వేర్వేరు కాలాల్లో మూడు సమాధానాలు వచ్చాయి. మొదటిది నిలవే చేయకుండా రోజూ కొత్తగా పెంచుకోవడం, రెండోది ఎండను పుట్టుకతోనే ఓర్చుకోగల జాతిని ఎంచుకోవడం, మూడోది గడ్డకట్టించి, శూన్యంలో ఆరబెట్టి, చల్లని చోట దాచడం. వీటిలో ఏది ఎప్పుడు నిలదొక్కుకుందన్నది శాస్త్రం ఎంత ఎదిగిందన్న దానికంటే, వేడి ఎంత ఉంది, సరుకు ఎంత దూరం పోవాలి అన్న రెండు విషయాల మీదే ఎక్కువగా ఆధారపడిందని ఈ చరిత్ర చెబుతుంది.

తోడు: నిలవ లేని నిలవ

కృష్ణా జిల్లా పల్లెల్లో రెండు తరాల కిందటి దాకా పాలను పొయ్యి మీద గబగబా కాచడం కాక, పిడకల దాలిలో కుండ పెట్టి, మీగడ ఎర్రబారే వరకు సన్నని సెగ మీద పొద్దుగూకేదాకా కాగనిచ్చేవారు. ఆ సెగకు పాలలో సహజంగా ఉండే సూక్ష్మజీవుల్లో అధిక భాగం చచ్చిపోయేవి. అందువల్ల పాలు గోరువెచ్చగా అయ్యాక వేసే చెంచాడు పాత పెరుగుకు, అంటే తోడుకు, పోటీ ఉండేది కాదు. తోడులోని ల్యాక్టిక్ బ్యాక్టీరియా పాలలోని చక్కెర అయిన ల్యాక్టోజ్‌ను తిని ల్యాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, పులుపు ఒక స్థాయికి చేరగానే కేసీన్ అనే పాల మాంసకృత్తు గడ్డకడుతుంది, తెల్లవారేసరికి పెరుగు తయారవుతుంది. వేసవిలో తోడు తగ్గించడం, చలికాలంలో పెంచి కుండను పొయ్యి గట్టున ఉంచడం అన్నవి ఉష్ణమాపకం లేని ఇళ్లలో ఉష్ణోగ్రతను సరిచేసుకునే పద్ధతులు.

ఈ ఆచారాన్ని సూక్ష్మజీవి వైపు నుంచి లెక్కగడితే దాని బలం తెలుస్తుంది. వంద చెంచాల పాలకు ఒక చెంచా తోడు వేస్తే, పెరుగు మళ్లీ మునుపటి చిక్కదనానికి రావడానికి బ్యాక్టీరియా ఆరేడు సార్లు రెట్టింపు కావాలి. రోజూ తోడు పెట్టే ఇంట్లో ఏడాదికి రెండు వేలకు పైగా తరాలు గడుస్తాయి. అన్ని తరాల్లో ఆ ఇంటి వేడికీ, ఆ గేదె పాలకూ తట్టుకోలేనివి వెనకబడి, తట్టుకున్నవే ముందుకు సాగుతాయి. కాబట్టి తోడు అనేది సీసాలో పెట్టి మూత బిగించిన నిలవ కాదు, రోజూ తిరగరాసుకునే నిలవ. దాని లోపమూ ఇక్కడే ఉంది. ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు ఊరు వెళితే గొలుసు తెగుతుంది, పాడి వట్టిపోతే తెగుతుంది, పెరుగు మరీ పులిసినా తెగుతుంది. తెగినప్పుడు పొరుగింటి నుంచి చెంచాడు తెచ్చుకునేవారు. దీపాలు పెట్టాక పెరుగు, ఉప్పు బయటికి ఇవ్వకూడదన్న పట్టింపు కొన్ని ఇళ్లలో ఉండేది కనుక, పొద్దుండగానే అడిగి తెచ్చుకునేవారు. ఆ రకంగా ఏ ఇంటి తోడుకైనా ఊరే పూచీగా నిలిచింది.

పొరుగున కూడా దొరకనప్పుడు గోరువెచ్చని పాలలో పచ్చిమిరపకాయ తొడిమలో, కాస్త చింతపండో వేసి పెరుగు చేసుకునే పద్ధతి ఇప్పటికీ తెలుగిళ్లలో ఉంది. మొక్కల పైపొర మీద ల్యాక్టిక్ బ్యాక్టీరియా సహజంగా కొద్దిపాటిగా అంటిపెట్టుకుని ఉంటుంది; గోరువెచ్చని పాలు దొరకగానే అది పెరుగుతుంది. మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వర్తకులతో వచ్చిన పంట కాబట్టి ఈ తొడిమ చిట్కా 16వ శతాబ్దానికి ముందుది కాజాలదు, కాని మొక్కతో పాలు తోడుపెట్టాలన్న ఆలోచన మాత్రం చాలా పాతది. తెలుగు వైదికుల్లో ఎక్కువమంది అనుసరించే తైత్తిరీయ శాఖ సంహితలో, యాగానికి పాలు తోడుపెట్టే సందర్భంలో పూతీక తీగలు, మోదుగ పట్ట, రేగుపళ్లు, బియ్యం, పెరుగు అంటూ తోడుకు పనికివచ్చేవాటిని వరసగా చెప్పి, వాటిలో పెరుగునే మేలైనదిగా ఎంచారు. పాత పెరుగుతో కొత్త పెరుగు చేస్తే ఫలితం నిలకడగా ఉంటుందన్న అనుభవం ఆ ఎంపికకు ఒక కారణమై ఉండవచ్చు.

ఎండిన చల్ల

ఎండ దండిగా ఉండి, పెరుగూ ఇంట్లోనే ఉండి కూడా తెలుగువారు తోడును ఎండబెట్టి దాచుకునే పద్ధతిని ఎందుకు పెంచుకోలేదన్న ప్రశ్నకు జవాబు, ఆ రెండూ కలిసే ఒక వంటకంలోనే దొరుకుతుంది. తిరువూరు మెట్ట, ఖమ్మం, గుంటూరు ప్రాంతాల మిరప పొలాలకు అనుబంధంగా ఇళ్లలో పెట్టే చల్ల మిరపకాయలు, వాటికే ఊర మిరపకాయలని మరో పేరు, రెండు దశల్లో తయారవుతాయి. కాస్త లావుగా, కారం తక్కువగా ఉన్న పచ్చిమిరపకాయలను తొడిమ తీయకుండా ఎంచి, నిలువుగా ఒక గాటు పెట్టి, వెన్న తీసిన పుల్లటి మజ్జిగలో ఉప్పు, వాము వేసి జాడీలో ఊరబెడతారు. రెండు మూడు రోజులు ఊరాక పగలు కాయలను తీసి చాప మీద ఎండలో పరిచి, పొద్దు వాలాక మళ్లీ అదే మజ్జిగలో వేస్తారు. రాత్రి ఊరడం, పగలు ఎండడం అన్న ఈ వరస మజ్జిగ పూర్తిగా కాయలకు పట్టి ఇంకిపోయే వరకు సాగుతుంది. ఆ తర్వాత గింజలు లోపల గలగలలాడే దాకా ఎండబెట్టి డబ్బాకెత్తుతారు. పాలిపోయిన పసుపు రంగులోకి మారిన ఆ కాయ తొక్క మీద మజ్జిగ తెట్టు తెల్లగా పొరకట్టి కనిపిస్తుంది.

ప్రయోగశాలల్లో బ్యాక్టీరియాను ఆరబెట్టేటప్పుడు రక్షణగా వెన్న తీసిన పాలనే కలుపుతారు కాబట్టి, ఈ వంటకం పైకి చూడడానికి ప్రోబయోటిక్ తయారీకి నమూనాలా కనిపించవచ్చు. అసలు సంగతి వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయి. నెమ్మదిగా ఆరడం వల్ల కణం చుట్టూ ఉప్పు చిక్కబడి లోపలి నీటిని లాగేస్తుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ కణాల పైపొరలోని కొవ్వును పాడుచేస్తుంది. ఇన్నిటినీ దాటి మిగిలినవి ఏవైనా ఉంటే అవి మూకుడులోని కాగిన నూనెలో పోతాయి. చల్ల మిరపకాయలో ఏడాది పాటు నిలిచేది బ్యాక్టీరియా కాదు, బ్యాక్టీరియా చేసిన పని: పులుపు, వాసన, చెడిపోనీయని ఆమ్లం. మధ్య ఆసియాలో పెరుగును ఉండలుగా చేసి ఎండబెట్టే కురుత్, పశ్చిమాసియాలో గోధుమ రవ్వతో కలిపి ఎండబెట్టే కిష్క్, టర్కీవారి తర్హానా కూడా ప్రధానంగా ఈ కోవకే వస్తాయి. ప్రాణిని నిలవ చేయడం ఒక పని, ఆ ప్రాణి ఇచ్చిన రుచిని నిలవ చేయడం మరో పని. తెలుగు వంటగది మొదటిదాన్ని తోడుకు, రెండోదాన్ని ఎండకు అప్పగించింది.

గడ్డకట్టించి ఆరబెట్టడం

ఎండిపోయిన ప్రాణి మళ్లీ లేస్తుందన్న సంగతి యూరప్‌లో మొదట పెరుగు వల్ల కాక, ఇంటి కప్పు గాడిలో పేరుకున్న మట్టి వల్ల తెలిసింది. హాలండ్‌కు చెందిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అలాంటి ఎండిన మట్టికి నీళ్లు కలిపినప్పుడు అందులోని అతిచిన్న జీవులు మళ్లీ కదలడం చూసి, 1702లో ఆ విషయాన్ని లేఖగా రాశాడు. పాలు పులవడానికి సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ 1857లో చూపాడు. ఫెర్డినాండ్ కోన్, రాబర్ట్ కాఖ్ 1876లో వేర్వేరుగా మరో కీలక విషయాన్ని వెల్లడించారు: కొన్ని బ్యాక్టీరియాలు ప్రతికూల పరిస్థితి రాగానే తమ లోపల గట్టి కవచం గల ఒక విత్తనంలాంటి రూపాన్ని తయారుచేసుకుంటాయి. దీన్నే సిద్ధబీజం, అంటే స్పోర్, అంటారు. పెరుగులోని ల్యాక్టిక్ బ్యాక్టీరియాకు ఈ శక్తి లేదు; తర్వాతి వంద సంవత్సరాల కథంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది.

పెరుగు తినడానికీ దీర్ఘాయువుకూ సంబంధం ఉందన్న ఎలీ మెచ్నికాఫ్ వాదన 1907లో పుస్తకరూపంలో ఇంగ్లీషులోకి రావడంతో, ఎండబెట్టిన పెరుగు బ్యాక్టీరియా మాత్రలు పారిస్, న్యూయార్క్ దుకాణాల్లోకి వచ్చాయి. వాటిలో చాలావాటిలో బతికున్న కణాలు తక్కువేనన్న విమర్శ వెంటనే మొదలైంది. అంటే ప్రోబయోటిక్ వ్యాపారం పుట్టినప్పుడే నిలవ సమస్య కూడా దాని వెంటే పుట్టింది. దానికి విరుగుడు వేరే దిక్కు నుంచి వచ్చింది. అమెరికాలోని షాకెల్ 1909లో గడ్డకట్టించి శూన్యంలో ఆరబెట్టే పద్ధతిని వివరించాడు. 1935లో ఫ్లాస్‌డార్ఫ్, మడ్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని రక్తరసం నిలవకు అనువుగా మలిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం ఎండిన ప్లాస్మాను పెద్ద ఎత్తున తయారుచేయడంతో అది పరిశ్రమగా మారింది.

పద్ధతి చూడడానికి సులువుగా కనిపిస్తుంది. తొట్టెలో పెంచిన బ్యాక్టీరియాను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేరుచేసి, వచ్చిన చిక్కటి ముద్దలో వెన్న తీసిన పాలపొడి, చక్కెర, ట్రెహలోజ్ వంటి రక్షక పదార్థాలను కలిపి, పళ్లేల్లో పోసి మైనస్ 40 డిగ్రీల దరిదాపుల్లో గడ్డకట్టిస్తారు. తర్వాత గదిలోని గాలిని లాగేస్తారు. పీడనం 6 మిల్లీబార్ల కంటే దిగువకు పడిపోయినప్పుడు నీరు ద్రవంగా ఉండలేదు. గడ్డకట్టిన నీరు కరగకుండానే నేరుగా ఆవిరైపోతుంది. ఈ మార్పును ఉత్పతనం అంటారు. ద్రవదశే ఉండదు కాబట్టి, చాప మీద ఆరే మిరపకాయలోలా ఉప్పు చిక్కబడి కణాన్ని పిండేసే అవకాశం బాగా తగ్గుతుంది. చివరికి వందకు మూడు నాలుగు పాళ్ల తేమ మాత్రమే మిగిలిన, సున్నంలా తేలికైన ముద్ద మిగులుతుంది. అందులో చక్కెరలు చేసే పనిని అమెరికాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో జాన్ క్రో, లోయిస్ క్రో 1980ల్లో వివరించారు: కణపు పైపొరలో నీటి అణువులు ఖాళీ చేసిన చోట్లలో చక్కెర అణువులు కుదురుకుని ఆ పొర కూలిపోకుండా పట్టి ఉంచుతాయి, ఆపైన కదలిక లేని గాజులాంటి స్థితిలో కణాన్ని బిగించేస్తాయి.

ఈ గాజుస్థితి కదిలిపోవడానికి ఎక్కువ వేడి అక్కర్లేదు, కొద్దిపాటి తేమ చాలు. తేమ చేరగానే గాజు మెత్తబడుతుంది, ఆగిపోయిన రసాయన చర్యలు మళ్లీ మొదలవుతాయి, తిండి లేని కణం ఆ చర్యల్లో దెబ్బతిని చస్తుంది. ఆరబెట్టడంలో గెలవడం సగం పనే అయి, అరలో ఉన్నన్నాళ్లూ గెలుస్తూ ఉండడం మిగతా సగం కావడానికి కారణం ఇదే.

1969: పాలపొడి, సిద్ధబీజం

భీమవరంలో పుట్టి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనను నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితంలో ల్యాక్టిక్ బ్యాక్టీరియాకు ఒక విచిత్రమైన స్థానం ఉంది. 1940ల్లో అక్కడి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, సంశ్లేషించినప్పుడు, ఒక నమూనాలో ఆ విటమిన్ ఎంత ఉందో కొలిచే సాధనం ల్యాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియాయే. విటమిన్ ఎంత ఉంటే అది అంత పెరుగుతుంది. అలాంటి కొలత నమ్మదగ్గదిగా ఉండాలంటే ఎప్పుడు పరీక్షించినా అదే జాతి, మార్పు లేకుండా, చేతికందాలి. ఆయన ఆధ్వర్యంలోని పరిశోధన విభాగం నుంచే 1948లో వచ్చిన ఆరియోమైసిన్ అనేక రకాల బ్యాక్టీరియాను ఒకేసారి చంపగల యాంటీబయాటిక్. అలాంటి మందులు రోగాన్ని కలిగించేవాటితో పాటు పేగుల్లో మేలు చేసేవాటినీ తుడిచిపెట్టి విరేచనాలకు దారితీయడంతో, యాంటీబయాటిక్‌తో పాటు ల్యాక్టిక్ బ్యాక్టీరియా గొట్టం (క్యాప్సూల్) కూడా రాసే వైద్యుల అలవాటు భారతదేశంలో స్థిరపడింది. ప్రోబయోటిక్ తెలుగు ఊళ్లకు ఆహారంగా కాక, మందుచీటీ మీద వచ్చింది.

కృష్ణా ప్రాంతంలో ఎండబెట్టే పని పరిశ్రమస్థాయికి చేరడం విజయవాడ పాల ఉత్పత్తుల కర్మాగారంతో 1969లో కనిపిస్తుంది. పల్లెల నుంచి సేకరించిన పాలను చిక్కబరిచి, ఎత్తైన గదిలో పైనుంచి సన్నని తుంపరగా చల్లి, 150 నుంచి 200 డిగ్రీల వేడిగాలిని ఎదురు పంపితే, బొట్టు కిందికి చేరేలోగా పొడిగా మారుతుంది. దీన్నే స్ప్రే డ్రయింగ్ అంటారు. నీరు ఆవిరయ్యేటప్పుడు బొట్టు చల్లబడుతుంది కనుక లోపలి వేడి గాలి వేడిమికి చేరదు, అయినా చివర్లో పొడి 70 నుంచి 90 డిగ్రీల గాలిలోంచే బయటికి వస్తుంది. పాలకు అది చాలు; ల్యాక్టోబాసిల్లస్‌కు అది మరణశిక్షతో సమానం. గడ్డకట్టించి ఆరబెట్టే పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో చవక కాబట్టి, ఈ వేడిని ఓర్చుకునే బ్యాక్టీరియా దొరికితే ఖర్చు సమస్యా, నిలవ సమస్యా ఒకేసారి తీరుతాయి.

అలాంటిది అప్పటికే తెలిసి ఉంది. అమెరికాలోని అయోవాలో 1915లో డబ్బా పాలు గడ్డకట్టి చెడిపోవడానికి కారణాన్ని వెతుకుతూ హ్యామర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక బ్యాక్టీరియాను వేరుచేసి, దానికి బాసిల్లస్ కోయాగ్యులన్స్ అని పేరు పెట్టాడు. డబ్బాను వేడిచేసినా చావకపోవడానికి కారణం అది సిద్ధబీజాన్ని ఏర్పరచడమే. పాలు గడ్డకట్టడానికి కారణం అది ల్యాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేయడం. అంటే పాల వ్యాపారికి శత్రువైన ఆ రెండు లక్షణాలే మందుల తయారీదారుకు వరాలయ్యాయి. ఇదే రకం బ్యాక్టీరియాను 1930ల్లో సోవియట్ పరిశోధకులు ల్యాక్టోబాసిల్లస్ స్పోరోజెనిస్ అని వర్ణించారు. శాస్త్రలోకం ఆ పేరును తర్వాత తోసిపుచ్చినా, మందుల పెట్టెల మీద అది దశాబ్దాల పాటు నిలిచిపోయింది. 2020లోనూ 2023లోనూ దాని ప్రజాతి పేరు మళ్లీ మారి, ఇప్పుడు హైన్‌డ్రిక్సియా కోయాగ్యులన్స్‌గా చెలామణీ అవుతోంది.

ఈ సిద్ధబీజాన్ని భారతీయ వైద్యులకు పరిచయం చేసిన స్పోర్లాక్ మాత్ర హైదరాబాద్‌తో ముడిపడినది. జపాన్‌కు చెందిన శాంక్యో సహకారంతో యూని-శాంక్యోగా మొదలై, తర్వాత సంజైమ్‌గా పేరు మార్చుకున్న ఈ సంస్థ తన ఆరంభాన్ని 1969 నుంచి లెక్కించుకుంటుంది. విజయవాడలో పాలపొడి మొదలైన ఏడాదే అది కూడా కావడం యాదృచ్ఛికమే అయినా, తెలుగునాట ఎండబెట్టే విద్య రెండు దారుల్లో పరిశ్రమగా మారిన కాలాన్ని అది గుర్తుచేస్తుంది. సిద్ధబీజపు నడిమి భాగంలో నీరు మొదటి నుంచే చాలా తక్కువ. కాల్షియంతో కూడిన డైపికోలినిక్ ఆమ్లం అక్కడి జన్యుపదార్థాన్ని కాపాడుతుంది. అంటే ఆరబెట్టే పనిలో అధిక భాగాన్ని యంత్రానికంటే ముందే బ్యాక్టీరియా తనంతట తానే పూర్తిచేసి ఉంటుంది. ఫ్రిజ్ లేని మందుల దుకాణాలు, గంటల తరబడి కరెంటు కోతలు, ఎండలో నిలిచే సరకు లారీలు ఉన్న 1970ల తెలుగు పట్టణాలకు ఆనాటి సాధనాల్లో ఇంతకంటే తగిన ఎంపిక లేదు. ఆ ఎంపిక విలువ ఎంతకాలం నిలిచిందన్నది, ముంబైకి చెందిన జె.బి. కెమికల్స్ 2022 జనవరిలో సంజైమ్ నుంచి స్పోర్లాక్‌తో సహా కొన్ని బ్రాండ్లను 628 కోట్ల రూపాయలకు కొనడంలో కనిపిస్తుంది.

చెరువు గట్టు, చేను

తిరువూరు మెట్ట నుంచి దిగువకు, కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకూ కృష్ణా తీరపు రొయ్యల చెరువులకూ వెళితే, ఎండిన బ్యాక్టీరియా బస్తాల లెక్కన వాడకమవుతుంది. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ రొయ్యల సాగును కుదిపేసింది. ఆ తర్వాత రోగభయంతో పెరిగిన యాంటీబయాటిక్ వాడకం, 2002 ప్రాంతంలో యూరప్‌కు వెళ్లిన సరుకులో నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు బయటపడడంతో ఎగుమతులకే ఎసరు తెచ్చింది. 2009లో వనామీ రకానికి అనుమతి రావడంతో చెరువుల్లో రొయ్య పిల్లల సాంద్రత పెరిగింది. మందు వాడకూడదు, రోగం రాకూడదు, అడుగు బురద కుళ్లకూడదు అన్న మూడు షరతుల మధ్య రైతులు బాసిల్లస్ పొడుల వైపు మళ్లారు. గట్టు మీది డ్రమ్ములో చెరువు నీళ్లు పోసి, బెల్లం, తవుడు కలిపి, ప్యాకెట్టులోని పొడి వేసి రాత్రంతా పులియబెట్టి, నురగ కట్టి పుల్లటి వాసన రాగానే చెరువంతా చల్లడం అక్కడ పరిపాటి. ఎండిన సిద్ధబీజాన్ని నిద్రలేపి, తిండి పెట్టి, రెట్టింపులు చేసి వాడే ఈ పద్ధతి, సారాంశంలో, పొడికి తోడు పెట్టడమే. కర్మాగారం నుంచి వచ్చిన నిలవకు ఇంటి విద్య జతపడిన చోటు ఇది.

మెట్ట పొలాల్లో వాడే జీవన ఎరువులది ఇంకో దారి. కంది, మినుము, పెసర విత్తనాలకు పట్టించే రైజోబియం గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో స్థిరీకరిస్తుంది, కాని దానికి సిద్ధబీజం లేదు. అందుకే దాన్ని పూర్తిగా ఎండబెట్టకుండా, లిగ్నైట్ వంటి నల్లపొడిలో కలిపి 30 నుంచి 40 శాతం తేమతో సంచుల్లో నింపుతారు. 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చిన ప్రమాణాల ప్రకారం గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. మే నెలలో దుకాణంలోని రేకుల కప్పు కింద ఉన్న సంచి, జూన్‌లో తొలకరి పడి రైతు చేతికి చేరేసరికి ఆ లెక్క నిలుస్తుందా లేదా అన్నది ప్రమాణాల పుస్తకం కంటే ఆ నెల రోజుల వేడే నిర్ణయిస్తుంది.

అరలో గడిచే కాలం

ఇటీవలి రెండు దశాబ్దాల్లో గడ్డకట్టించి ఆరబెట్టిన ల్యాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం జాతులు కూడా చిన్న పట్టణాల దుకాణాలకు చేరాయి. వీటిలో కొన్నిటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. మరికొన్నిటిని తేమ, గాలి చొరబడని అల్యూమినియం పొరల్లో, తేమను పీల్చే గుళికలతో, నైట్రోజన్ నింపి అమ్ముతారు. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో వెలువరించిన నిబంధనల ప్రకారం, ప్రోబయోటిక్ ఆహారంలో రోజువారీ మోతాదులో కనీసం 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. ఆ అంకెను తయారీ రోజున చేరుకోవడం కష్టం కాదు. గడువు తేదీ దాకా నిలపడమే కష్టం. ఎండిన బ్యాక్టీరియా ఒక్కసారిగా చావదు, ఉన్నవాటిలో ఒక నిర్ణీత పాలు చొప్పున తరుగుతూ పోతుంది. ఉదాహరణకు ఆరు నెలలకోసారి పదో వంతు మాత్రమే మిగిలే వేగంతో తరుగుతుందనుకుంటే, 1000 కోట్ల కణాలతో బయల్దేరిన గొట్టం ఏడాదికి 10 కోట్లకు, ఏడాదిన్నరకు కోటికి చేరుతుంది. చల్లని గదిలో ఈ తరుగుదల మందగిస్తుంది, 40 డిగ్రీల దగ్గర ఎన్నో రెట్లు వేగం పుంజుకుంటుంది. అందుచేత తయారీదారులు గడువు చివరికి కావలసిన దానికంటే చాలా ఎక్కువ కణాలను ముందే నింపి పంపుతారు. కొనేవారు చూడవలసింది పెట్టె మీది పెద్ద అంకెను కాదు, ఆ అంకె తయారీ నాటిదా, గడువు నాటిదా అన్న చిన్న అక్షరాల వాక్యాన్ని.

ఈ మూడు మార్గాల్లో ఒకటి వచ్చి మరొకదాన్ని తోసేయలేదు. తోడు నేటికీ ఇళ్లలో ఉంది. అయితే ఇంటి పెరుగులోని బ్యాక్టీరియా ఏ జాతిదో, ఎంత ఉందో, ఏ మేలు చేస్తుందో నిరూపణ అయ్యేదాకా దాన్ని శాస్త్రార్థంలో ప్రోబయోటిక్ అనడానికి వీల్లేదు, అది మంచి ఆహారం మాత్రమే. సిద్ధబీజం ఎండకు నిలుస్తుంది, కాని మేలు చేసే బ్యాక్టీరియాల్లో ఆ శక్తి ఉన్నవి కొన్నే, ఒక జాతికి రుజువైన గుణాన్ని మరో జాతికి అంటగట్టడం కుదరదు. గడ్డకట్టించి ఆరబెట్టడం ఎన్నో జాతులకు దారి తెరిచింది, కాని కర్మాగారం నుంచి ఊరి దుకాణం దాకా చల్లదనం తెగకుండా ఉంటేనే ఆ దారికి విలువ. తిరువూరు వంటి పట్టణంలో ఈ మూడింటికీ చివరి పరీక్ష ఒకటే, మే నెల. చలిదేశాల గదుల వేడిని కొలబద్దగా పెట్టుకుని నిర్ణయించిన గడువు తేదీలను ఇక్కడి వేసవికి యథాతథంగా నమ్మడం పొరపాటు. మెట్ట ఇళ్లలో తరతరాలుగా వేడిని తట్టుకుని వచ్చిన ల్యాక్టిక్ జాతులను సేకరించి, వాటిలో ఆరబెట్టినా నిలిచేవి ఏవో వెతకడం, నిలవ పరీక్షలను 40 డిగ్రీల దగ్గర కూడా జరపడం తెలుగు రాష్ట్రాల పాడి, ఔషధ పరిశోధనలకు దొరికిన దగ్గరి దారి. ఒక వేసవి దాటి కూడా బతికి ఉన్న పొడిని మాత్రమే ఈ ప్రాంతానికి తయారైన పొడిగా లెక్కించాలి.